కంప్యూటరు కన్సోలుపై తెలుగు లిపి: సంకేత పట్టికల చరిత్ర

చాందా యను పూర్వనామముతో ప్రసిద్ధి గాంచిన చంద్రపూరు, గోండు రాజుల కోటగోడల నడుమ పెరిగిన పట్టణము. చుట్టును బొగ్గు గనులు, దక్షిణమున బల్లార్పూరునందు కాగితపు మిల్లు. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గము పూర్తియైన పిదప ఓరుగల్లు దిక్కునుండి వచ్చువారికి ఈ ప్రాంతము తలవాకిలి వంటిదైనది. వార్ధా నది కావలి రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమునందలి ఆదిలాబాదు జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణమున అది మొదట నాందేడు జిల్లాకును, 1959లో చాందా జిల్లాకును చేరినది. ప్రాణహిత యొడ్డున నున్న తెలుగు సీమ సిరొంచ 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడిన నాడు చంద్రపూరునుండి విడిపోయినది. జివతి తాలూకా కొండలలోని 14 గ్రామములపై మహారాష్ట్రమును తెలంగాణమును రెండును హక్కు చెప్పుకొనుటచే, అచ్చట మరాఠీ బడియు తెలుగు బడియు రెండును వెలసినవి.

ఇట్టి సీమలో ఒక బిడ్డ పేరు ఒక పట్టికలో తెలుగున, మరియొక పట్టికలో నాగరిలో, వేరొక దానిలో రోమను లిపిలో వ్రాయబడుట సహజము. కాగితముపై వ్రాసినన్నాళ్ళు దీనివలన గలిగిన చిక్కు వ్రాయసగాని చేతివ్రాతకు సంబంధించినది మాత్రమే. పట్టికలు కంప్యూటరులోనికి ఎక్కిన పిదప చిక్కు వేరు రూపము దాల్చినది. సరిగా వ్రాసిన పేరును యంత్రము వేరొక పట్టికను బట్టి చదివి, ఎవ్వరికిని అర్థము కాని గుర్తుల వరుసగా చూపుట మొదలైనది. పేరు తారుమారైనచో ధ్రువపత్రము తారుమారగును. ధ్రువపత్రము తారుమారైన విద్యార్థి కచ్చేరీల చుట్టు తిరుగవలసి వచ్చును. కావున సంకేత పట్టికల చరిత్ర యంత్రనిపుణులకే గాక భాష నేర్పువారికిని తెలియదగినది.

యంత్రము అక్షరమును ఎరుగదు, సంఖ్యను మాత్రమే ఎరుగును. ఏ సంఖ్యకు ఏ అక్షరమో చెప్పు ఒప్పందమే సంకేత పట్టిక. అమెరికాలో 1963లో ప్రకటింపబడిన ఆస్కీ పట్టికయందు 128 స్థానములు గలవు. రోమను అక్షరములు, అంకెలు, విరామచిహ్నములు, టెలిప్రింటరును నడపు ఆజ్ఞలు అన్నియు అందులోనే ఇమిడినవి. ఒక బైటున 256 సంఖ్యలకు చోటు గలదు. ఆస్కీ అందు సగమే ఆక్రమించినది. మిగిలిన పై సగమును ఎవరికి తోచినట్లు వారు నింపుకొనిరి. ఇప్పటి తగవులన్నిటికిని మూలము ఆ ఖాళీ సగమే.

1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు తెరపై 25 వరుసలు, వరుసకు 80 గడులు ఉండెడివి. గడికి ఒక బైటు, బైటునకు ఒక బొమ్మ. ఈ గడుల తెరకే కన్సోలు అని పేరు. ఆ యంత్రపు పట్టికకు 437 అను సంఖ్య నిచ్చిరి. అందు పై సగమున ఐరోపా భాషల గుర్తులు కొన్ని, గ్రీకు అక్షరములు కొన్ని, 176 మొదలు 223 వరకు పెట్టెలు గీయుటకు అడ్డుగీతలు, నిలువుగీతలు అమర్చిరి. 1987లో వచ్చిన డాస్ 3.3తో పట్టికను మార్చు వీలు కలిగినది. ఒక్కొక్క పట్టికకు కోడ్ పేజీ అని పేరిడి, సి.హెచ్.సి.పి. అను ఆజ్ఞతో ఒకటి తీసి వేరొకటి పెట్టుకొను ఏర్పాటు చేసిరి. పోర్చుగీసు, నార్వే, కెనడా ఫ్రెంచి మొదలగు వానికి పేజీలు లభించినవి. తెలుగునకు గాని, మరాఠీకి గాని ఒక్క పేజీయును లేదు.

ఈ లోపమును భారతీయులు అంతకు మునుపే గుర్తించిరి. కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆర్.ఎం.కె. సిన్హా ఆధ్వర్యమున సిద్ధమైన దేవనాగరి కంప్యూటరును 1983లో ఢిల్లీలో జరిగిన మూడవ విశ్వ హిందీ సమ్మేళనమున ప్రదర్శించిరి. ఆ పరిశ్రమయే తరువాత జిస్ట్ అను పేర పెరిగినది. 1988లో పుణెలో సి–డాక్ సంస్థ ఏర్పడగా, మోహన్ తాంబే మొదలగువారితో ఆ పని పుణెకు తరలినది. ఆ విధముగా తెలుగు లిపిని కన్సోలుపైకి ఎక్కించిన యంత్రఫలకము మహారాష్ట్రమునుండియే వెలువడినది. చంద్రపూరు తెలుగువారికి ఇది కొంత సంతోషము కలిగించు సంగతి.

జిస్ట్ కార్డు అనునది కంప్యూటరు లోపల అమర్చు ఫలకము. దానికి గల గొప్ప గుణ మేమనగా, పైన నడచు ప్రోగ్రామునకు తన యునికి తెలియనీయదు. వర్డ్‌స్టార్, డీబేస్, లోటస్ వంటి ఇంగ్లీషు ప్రోగ్రాములు ఎప్పటివలెనే బైట్లను తెరకు పంపుచుండును. కార్డు ఆ బైట్లను నడుమ అందుకొని, హల్లును ఒత్తును గుణింతమును కూర్చి తెలుగు అక్షరముగ గీసి చూపును. యూనిక్సు యంత్రముల కొరకు ఇదే విద్యతో జిస్ట్ టెర్మినళ్ళు కూడ తయారైనవి. తరువాతి కాలమున ఎన్నో హంగులతో వచ్చిన కన్సోలు ప్రోగ్రాములు ఈ పనిని ఇంత శుభ్రముగ చేయలేకపోయినవని చెప్పుట అతిశయోక్తి గాదు.

కార్డు వెనుక నున్న పట్టిక పేరు ఇస్కీ. 1983లో ఎలక్ట్రానిక్స్ శాఖ పూనికతో మొదలై, 1986–88 నడుమ సంస్కరింపబడి, 1991లో భారతీయ ప్రమాణముల సంస్థచే ఐ.ఎస్. 13194 అను ప్రమాణముగ స్వీకరింపబడినది. ఆస్కీ సగమును కదల్పక, ఖాళీ సగమున బ్రాహ్మీ సంతతి లిపుల కన్నిటికిని ఉమ్మడి వర్ణమాల నొకదానిని ఇందు పేర్చిరి. 'అ'కారము 164, 'క'కారము 179, 'హ'కారము 216, పొల్లు 232. తెలుగు 'క'యును, నాగరి 'క'యును, బెంగాలీ 'క'యును అన్నియు 179 మాత్రమే. ఏ లిపిలో గీయవలెనో తెలుపుటకు 239 అను సంఖ్యను, దాని వెంట లిపి సంఖ్యను వ్రాయుదురు. నాగరికి 66, తెలుగునకు 69. ఐ.బి.ఎం. యంత్రములపై గీతల గుర్తులతో తగవు రాకుండుటకై పి.సి.–ఇస్కీ అను వేరు అమరికను కూడ ప్రమాణమున చేర్చిరి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడ ఈ దృష్టితోనే 1986లో వెలువడినది. ఏ మీటపై నాగరి 'క' కలదో తెలుగు 'క'యును ఆ మీటపైననే యుండును.

భాషాశాస్త్ర దృష్టితో చూచినచో ఇస్కీ చక్కని ఊహ. 'చంద్రపూర్' అను మాటను తీసికొందము. చ, సున్న, ద, పొల్లు, ర, ప, ఊకారపు గుర్తు, ర, పొల్లు: మొత్తము తొమ్మిది బైట్లు. లిపి సంఖ్య 69 అయిన తెలుగు, 66 అయిన నాగరి. ఒక్క వ్రాతతో రెండు లిపులు. కాని సరిహద్దున నివసించువారికి ఇందలి మర్మము వెంటనే తెలియును. మరాఠీవారు ఆ పేరు చివర పొల్లు వ్రాయరు. తెలుగువారు వ్రాయక తప్పదు. యంత్రము లిపిని మార్చును గాని వర్ణక్రమమును మార్చదు. అట్లే తెలుగున ఎ–ఏ, ఒ–ఓ భేదము ప్రాణసమము. 'వెల' వేరు, 'వేల' వేరు. ఇస్కీయందు హ్రస్వ ఎకారమునకు 171, దీర్ఘమునకు 172 వేరువేరుగ నున్నవి. అందుచేత తెలుగు వ్రాత చెడదు. కాని అదే బైట్లను నాగరిలో చూచినప్పుడు హ్రస్వమునకు మరాఠీ పాఠకునకు అలవాటు లేని గుర్తు కనబడును. దానిని అతడు తప్పుగ నెంచి దిద్దినచో ఆ దిద్దుబాటు తెలుగు వ్రాతలోనికిని ప్రాకును. లిపి సంఖ్య జారిపోయినచో చిక్కు మరింత పెద్దది. బైట్లు చెక్కుచెదరకయే తెలుగు పట్టిక యావత్తు నాగరిగ కనబడును, అది తెలుగని చెప్పు సాక్ష్యము మిగులదు.

స్వదేశమున ఈ ప్రయత్నములు సాగుచుండగా, అమెరికా విశ్వవిద్యాలయములలోని తెలుగు విద్యార్థులు వేరొక త్రోవ త్రొక్కిరి. వారి యెదుట నున్నవి యూనిక్సు కన్సోళ్ళు. వారి ఉత్తరములు నడచిన వాహికలు పలుచోట్ల ఆస్కీ సగమును మాత్రమే మోయునవి. పై సగమున నున్న బైటు దారిలో తల తెగి వేరొక బైటుగ చేరుట సామాన్యము. అందుచే హ్యూస్టన్ నగరమందలి రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తెలుగును రోమను అక్షరములతోనే ఖచ్చితముగ వ్రాయు పద్ధతి నొకదానిని కూర్చిరి. ఆర్.టి.ఎస్. అను పేర అది ప్రసిద్ధమైనది. చిన్న రోమను అక్షరము తవర్గమునకు, పెద్దది టవర్గమునకు సంకేతములు. 'ల'కు చిన్నది, 'ళ'కు పెద్దది. ఏ కన్సోలుపైనను చెడని తెలుగు ఇదియే. సంకేత పట్టికను మార్చుటకు పూనుకొనక, ఉన్న పట్టికలోనే భాషను ఇమిడ్చిన ఈ యుపాయమును కొందరు చిన్నచూపు చూచిరి. కాని ఆ కాలమున అట్లు వ్రాసిన వ్రాతలు నేటికిని ఒక్క అక్షరము తప్పిపోకుండ తెలుగు లిపిలోనికి మార్చుకొనదగి యున్నవి. అదే కాలమున ముద్రాక్షర శాలల ఫాంట్లతో కూర్చిన వ్రాతలను గురించి ఆ మాట చెప్పుటకు వీలులేదు.

ఆ ఫాంట్ల కథ క్లుప్తముగ చెప్పినను చాలును. 1990వ దశకమున అచ్చుపని కంప్యూటరులోనికి మారగా అను, శ్రీలిపి, ఆకృతి మొదలగు ఫాంట్లు వ్యాప్తి చెందినవి. ఇవి వర్ణములకు గాక, అక్షరపు ముక్కలకు సంఖ్యలిచ్చినవి: తలకట్టు ఒకటి, ఒత్తు ఒకటి, కొమ్ము ఒకటి. ఆ సంఖ్యలు ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క విధము. ఫైలులో ఏ ఫాంటుతో వ్రాసిరో చెప్పు గుర్తు లేకపోవుటచే, ఫాంటు లేని యంత్రమున అవి రోమను గుర్తుల గుంపులై కనబడును. కన్సోలుపై అట్టి వ్రాతను చదువుట అసాధ్యము. అచ్చు అందముగా నుండెను గనుక ఈ లోపమును చాలకాలము ఎవ్వరును పట్టించుకొనలేదు.

1991లో యూనికోడ్ మొదటి కూర్పు వెలువడినది. భారతీయ లిపుల విషయమున అది 1988 నాటి ఇస్కీని అనుసరించినది. కాని ఉమ్మడి వర్ణమాలను విడగొట్టి, ఒక్కొక్క లిపికి 128 స్థానముల పేటిక నొకదానిని కేటాయించినది. నాగరి పేటిక 2304తో మొదలగును. తెలుగు పేటిక 3072 నుండి 3199 వరకు. రెంటికిని భేదము 768. నాగరి 'క' 2325, దానికి 768 కలిపిన 3093, అది తెలుగు 'క'. ఇస్కీ నాటి చుట్టరికము ఈ తీసివేతలో నేటికిని కనబడును. అయితే ఇప్పుడు సంఖ్యయే లిపిని తెలుపును. లిపి సంఖ్య జారిపోవునను భయము లేదు.

ఇంత పెద్ద సంఖ్యలు ఒక బైటులో ఇమడవు. వానిని బైట్లుగ విడగొట్టు మార్గమును 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో పళ్ళెము క్రింద పరచిన కాగితముపై గీసిరని ప్రసిద్ధి. అదియే యు.టి.ఎఫ్.–8. ఆస్కీ అక్షరములు ఒక్క బైటుగనే నిలుచును. తెలుగు అక్షరమునకు మూడు బైట్లు పట్టును. ఇస్కీలో తొమ్మిది బైట్లయిన 'చంద్రపూర్' ఇందు ఇరువదియేడు బైట్లగును. మూడింతలు పెరిగినదని తొలినాళ్ళలో గొణిగినవారు గలరు. నిలువచోటు చౌకయైన కొలది ఆ గొణుగుడు ఆగినది.

యు.టి.ఎఫ్.–8లో తెలుగు వర్ణము ప్రతిదియు 224తో మొదలగును. రెండవ బైటు 176 గాని 177 గాని అగును. నాగరి వర్ణము కూడ 224తోనే మొదలగును గాని దాని రెండవ బైటు 164 లేక 165. ఈ చిన్న భేదము సరిహద్దు ప్రాంతపు పట్టికలను చక్కబెట్టువారికి మిక్కిలి యుపకరించును. విండోసు పశ్చిమ ఐరోపా పట్టికయైన 1252తో ఆ బైట్లను చదివినచో, తలపై వాలుగీత గల రోమను ఎ అక్షరము మొదట వచ్చి, దాని వెంట చిన్న సున్న వంటి డిగ్రీ గుర్తు గాని, కూడికయు తీసివేతయు కలిసిన గుర్తు గాని వచ్చిన అది చెడిన తెలుగు. వెంట వచ్చినది జపాను యెన్ గుర్తు గాని, నాలుగు మూలల కాళ్ళు గల చిన్న వలయము గాని అయిన అది చెడిన మరాఠీ. లిపి తెలియని గజిబిజిలో కూడ ఏ వరుస ఏ భాషదో కంటితో చెప్పవచ్చును. అదే తెలుగు 'క'ను పాత 437 పట్టికతో చదివినచో గ్రీకు ఆల్ఫా, చుక్కల పలక, వాలుగీత గల రోమను ఓ అను మూడు గడులు కనబడును.

ఇప్పుడు విండోసు సంగతి. 2000 సంవత్సరపు కూర్పున నాగరికిని తమిళమునకును చోటు దొరికినది. తెలుగు 2001లో ఎక్స్.పి. కూర్పుతో, గౌతమి ఫాంటుతో వచ్చినది. కాని ఆ వచ్చుట యూనికోడ్ ద్వారముననే. పాత ప్రోగ్రాముల కొరకు ఒక్కొక్క భాషకు ఒక్కొక్క బైటు పట్టికను కేటాయించిన విండోసు, తెలుగునకు ఆ స్థానమున సున్న వ్రాసినది. ఇస్కీ తెలుగునకు 57005 అనియు, ఇస్కీ నాగరికి 57002 అనియు సంఖ్య లిచ్చినది నిజమే. అవి మార్పిడికి మాత్రము పనికివచ్చును గాని వానిని యంత్రము యొక్క మూల పట్టికగ నిలుపుటకు వీలులేదు. ఫలితముగ, కిటికీలలో తెలుగు చక్కగా కనబడుచున్న యంత్రముననే కన్సోలు తెరచినచో 437 పట్టికయే ఎదురగుచుండెను.

ఇచ్చట తెలుగు కనబడకపోవుట మూడు విధములని గ్రహింపవలెను. మూడింటికి మందులు వేరు. ఒకదాని మందు వేరొకదానికి వేసిన వ్యాధి ముదురును.

మొదటిది ఖాళీ పెట్టెలు కనబడుట. సంఖ్యలు సరిగనే యున్నవి, వానిని గీయు ఫాంటు మాత్రము లేదు. ఫైలు నిక్షేపముగ నున్నది. దానిని ముట్టక ఫాంటును సమకూర్చుకొనవలెను. రెండవది పైన వర్ణించిన గజిబిజి. బైట్లు సరియైనవే, చదువు పట్టిక తప్పు. సి.హెచ్.సి.పి. ఆజ్ఞతో 65001 అను పేజీని పెట్టినచో యు.టి.ఎఫ్.–8 అని యంత్రము గ్రహించును. ఇచ్చట తొందరపడి, గజిబిజిని చూచుచు ఫైలును భద్రపరచుట కీడు. అట్లు చేసినచో ఆ గజిబిజియే నిజమైన అక్షరములుగ మరల సంకేతింపబడును. వెనుకకు మరలించుట తరచు సాధ్యమే గాని, అన్నివేళల కాదు. 1252 పట్టికలో 129, 141, 143, 144, 157 అను ఐదు స్థానములు ఖాళీ. తెలుగు కొమ్ము యొక్క మూడవ బైటు 129. పొల్లు యొక్క మూడవ బైటు 141. ఏకారమునకు 143, ఐకారమునకు 144, 'ఝ'కు 157. కొన్ని ప్రోగ్రాములు ఆ ఖాళీ బైట్లను కాపాడును, కొన్ని పారవేయును. పారవేసినచో చెడునది ఏదో అరుదైన అక్షరము గాదు. తెలుగు వ్రాతలో ఒత్తులన్నియు పొల్లుపై ఆధారపడినవి. కొమ్ములు రెండు లేక 'తెలుగు' అను మాటయే లేదు. నాగరి పేటిక సమాంతరముగ నుండుటచే మరాఠీకిని సరిగా ఇదే ఆపద.

మూడవది ప్రశ్నార్థకములు. యూనికోడ్ వ్రాతను తెలుగు లేని పట్టికలోనికి మార్చుమని అడిగినప్పుడు యంత్రము తనకు దొరకని ప్రతి వర్ణమునకును ప్రశ్నార్థకమును పెట్టును. 'చంద్రపూర్' తొమ్మిది ప్రశ్నార్థకములగును. ఆ తొమ్మిదింటి వెనుక ఏమియు లేదు. 63 అను సంఖ్య తొమ్మిది మారులు వ్రాయబడినది, అంతే. ఏ నిపుణుడును దానినుండి పేరును రాబట్టలేడు. గజిబిజిని చూచి భయపడి ప్రశ్నార్థకమును చూచి తేలికగ తీసికొనుట లోకమున కనబడుచున్నది; జరుగవలసినది దీనికి విరుద్ధము. కన్సోలు తెరపై మాత్రమే ప్రశ్నార్థకములు కనబడినచో మూలపు ఫైలు బాగుగనే యుండవచ్చును. అవి ఫైలులోనే యున్నచో పాత కాగితపు పుస్తకము తీయవలసినదే.

65001 పేజీ కూడ చిరకాలము సర్వరోగ నివారిణి కాలేదు. పాత కన్సోలులో వ్రాత చూపుటకు అది పనికివచ్చినను, కీబోర్డునుండి ఆస్కీ కాని అక్షరములను చదువుట విఫలమగుచుండెను. కన్సోలు ఫాంట్లలో తెలుగు లేకుండెను. ఉన్నను గడికొక బొమ్మ అను నియమము ఒత్తులను విడగొట్టి పరచెను. బైట్ల తగవు తీరిన చోట గడుల తగవు మొదలైనదన్నమాట.

లినక్సు చరిత్రయు ఇట్టిదే. అచ్చట తెలుగు లొకేలు యు.టి.ఎఫ్.–8తోనే నిర్వచింపబడినది గనుక పట్టికల గొడవ తక్కువ. కాని కిటికీలు లేని మూల కన్సోలున ఒకేసారి 256 బొమ్మలకు, మించిన 512 బొమ్మలకు మాత్రమే చోటు గలదు. గడి వెడల్పు 8 చుక్కలు, ఎత్తు 16. తెలుగు హల్లు క్రింద ఒత్తు, ఒత్తు క్రింద మరియొక ఒత్తు పట్టుటకు ఆ ఎత్తు చాలదు. పైగా చేరికను బట్టి రూపము మార్చు నేర్పు ఆ కన్సోలునకు లేదు. కిటికీల లోపల నడచు టెర్మినళ్ళలో కొంత మేలు జరిగినది. జపానులో పుట్టిన ఎం.ఎల్.టెర్మ్ అను టెర్మినలు ఇస్కీ తెలుగును కూడ అంగీకరించెను. తెలుగువారికంటె ముందు జపానువారికి ఆ శ్రద్ధ కలుగుట వింతగనే తోచును. తమ లిపికి గడి చాలదను బాధ వారికిని అనుభవమే గనుక కాబోలు.

గడుల లెక్క ఎట్లుండునో ఒక ఉదాహరణము చూడవలెను. 'స్త్రీ' అనునది చూపరికి ఒకే అక్షరము. యంత్రమునకు స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుర్తు అను ఆరు వర్ణములు, పదునెనిమిది బైట్లు. యూనిక్సు సంప్రదాయమున ఒక్కొక్క వర్ణమునకు ఇన్ని గడులని ముందే నిర్ణయించిన పట్టిక కలదు. దాని ప్రకారము హల్లునకు ఒకటి, పొల్లునకు సున్న, ఈకారపు గుర్తునకు సున్న. కావున 'స్త్రీ'కి మూడు గడులు. అదే పట్టిక కొమ్మునకు ఒక గడి నిచ్చినది, గుడికి ఈయలేదు. అందుచేత 'కి' ఒక గడి, 'కు' రెండు గడులు. దీనికి లిపిశాస్త్రమున కారణము వెదకుట వృథా. కొమ్ము ప్రక్కకు సాగును, గుడి పైన నిలుచును అను స్థూలమైన విభజన దీనికి మూలము. 'చంద్రపూర్' నాలుగక్షరముల మాటయే యైనను ఈ లెక్కను ఏడు గడులు పట్టును. పట్టికను నిలువు వరుసలలో అచ్చువేయ నెంచిన ప్రోగ్రాము ఏడని లెక్కించి ఖాళీలు వదలగా, తెర నాలుగింటిలో ముగించినచో తరువాతి వరుసలన్నియు వంకరపోవును.

మరియొక సూక్ష్మము సరిహద్దు పేర్లకు ప్రత్యేకముగ సంబంధించినది. 'రాజ్‌కుమార్' వంటి పేర్లలో 'జ'కు పొల్లు విడిగ నిలువవలెను. క్రింద 'క'వత్తు రాకూడదు. ఇస్కీలో దీనికి పొల్లును రెండుమారులు వ్రాసెడివారు. యూనికోడ్‌లో పొల్లు వెంట 8204 అను కంటికి కనబడని వర్ణమును చేర్చుదురు. కనబడనిదగుటచే శుభ్రపరచు ప్రోగ్రాములు దానిని తొలగించుట కలదు. తొలగినచో ఒకే విద్యార్థి పేరు రెండు పట్టికలలో రెండుగ నిలుచును. వెదకుటలో ఒకటి దొరకి వేరొకటి దొరకదు. మహారాష్ట్రపు పేర్లను తెలుగున వ్రాయునప్పుడు ఇట్టి పొల్లులు అడుగడుగున తగులును.

యు.టి.ఎఫ్.–8 ఫైలు మొదట కొన్ని ప్రోగ్రాములు 239, 187, 191 అను మూడు బైట్లను గుర్తుగ పెట్టును. లెక్కల పట్టికల ప్రోగ్రాము ఆ గుర్తును చూచియే తెలుగును సరిగ చదువుట కద్దు; అది లేనిచో 1252 అని భ్రమించి గజిబిజి చేయును. యూనిక్సు ప్రోగ్రాములకు ఆ గుర్తు గిట్టదు. మొదటి పేరునకు అంటుకొనిన మలినముగ భావించును. ఇస్కీలో లిపిని తెలుపు సంఖ్యయు 239యే యగుట కాకతాళీయము.

2018లో విండోసు 10 యంత్రమంతటికిని మూల పట్టికగ యు.టి.ఎఫ్.–8ను ఉంచుకొను ఐచ్ఛికమును ప్రయోగాత్మకముగ ప్రవేశపెట్టినది. 437ను, 1252ను పూర్తిగ ప్రక్కకు నెట్టుటకు అది వీలు కల్పించెను. ఆ ఐచ్ఛికమును పెట్టినచో పాత ఫాంట్ల ప్రోగ్రాములు కొన్ని చెడును గనుక ఉభయములును నడచు కచ్చేరీలలో దానిని పెట్టుటకు జంకుదురు. 2019లో ప్రకటింపబడి 2020లో స్థిరరూపము పొందిన విండోస్ టెర్మినల్ ఒక ఫాంటున లేని అక్షరమును వేరొక ఫాంటునుండి తెచ్చుకొనగలదు. పాత కన్సోలున కనబడిన పెట్టెల బెడద అందువలన చాల వరకు తగ్గినది.

2023 సెప్టెంబరులో వెలువడిన యూనికోడ్ 15.1 అక్షర విభజన సూత్రమునకు ఒక సవరణ చేసినది. అంతవరకు పొల్లు దగ్గర అక్షరము తెగుచుండెను. 'స్త్రీ' మూడు ముక్కలుగ లెక్కకు వచ్చుచుండెను. సవరణము ప్రకారము హల్లు, పొల్లు, హల్లు కలిసినప్పుడు నడుమ త్రెంచరాదు. నాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళములతో పాటు తెలుగునకును ఈ సూత్రము వర్తించును. దీనిని పాటించు ప్రోగ్రామున 'స్త్రీ' ఒక్కటియే. 'చంద్రపూర్' చం, ద్ర, పూ, ర్ అని నాలుగు. వెనుకకు చెరుపు మీట, కర్సరు కదలిక ఈ లెక్కను అనుసరింపవచ్చును. ఆ నాలుగింటికి కన్సోలున ఎన్ని గడులు ఈయవలెనో మాత్రము ఆ సూత్రము చెప్పలేదు. ఒక్కొక్క టెర్మినలు తనకు తోచినట్లు కొలుచుచున్నది.